ములాఖత్‌కు ఎవరు పోతారు?

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా జరిగిన యువజన సదస్సులో ఒక గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ చేసిన ప్రసంగం)

 

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం గిరిజన ఆడపిల్లల చదువు. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఆ అంశం మీద మాట్లాడుతూనే ఉన్నారు. అందుకని ఈసారి వేరే అంశం అడిగి తీసుకున్నాను. జైలుకు పోయిన మన ఆడవాళ్ళ గురించి చెబుతాను. పండుగ రోజు ఈ ముచ్చట ఎందుకు అనుకోవచ్చు. మన గూడేల్లో, తండాల్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే ఈ రోజే మాట్లాడాలనుకున్నాను.

కొన్నేళ్ళ కింద మా హాస్టల్‌లో నాలుగో తరగతి పిల్ల ఒకతి ఉండేది. పేరూ ఊరూ చెప్పను. రెండో శనివారం తల్లిదండ్రులు వచ్చే రోజు. అందరి అమ్మలూ సర్వపిండి, జామకాయలు పట్టుకొని వచ్చేవాళ్ళు. ఆ పిల్ల మాత్రం గేటు దగ్గర నిలబడి చూసి చూసి లోపలికి పోయేది. ఒకరోజు నన్ను అడిగింది: "మేడం, మా అమ్మ ఎప్పుడొస్తది?" నేను "కూలికి దూరం పోయింది బిడ్డా, వస్తది" అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. ఊళ్ళో జరిగిన ఒక కొట్లాటలో ఆ తల్లి మీద కేసు అయ్యింది, జైలులో ఉంది. ఆ సంగతి ఆ పిల్లకు కూడా అప్పటికే తెలుసట. తోటి పిల్లలు చెప్పారట. నేను ఏం చెబుతానో చూద్దామని అడిగిందట. ఈ మాట తర్వాత ఎప్పుడో తనే నాతో చెప్పింది.

ఆ తల్లికి బెయిలు మంజూరై అప్పటికి నాలుగు నెలలు దాటింది. కానీ బయటికి రాలేదు, ఎందుకంటే ఇద్దరు జమానతుదార్లు దొరకలేదు. భర్త ఒకసారి పోయి చూసి, మళ్ళీ పోలేదు. అన్నదమ్ములు "ఇజ్జత్ పోయింది" అని ఊరుకున్నారు. నేను బీఈడీ చదివినదాన్ని, ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నదాన్ని. ఇట్లాంటప్పుడు ఎవరి దగ్గరికి పోవాలో నాకూ తెలియదు. ఆ సిగ్గు ఇంకా నాలో ఉంది. ఆ తర్వాత తెలుసుకున్నవే ఈ రోజు మీకు చెబుతున్నాను.

ముందు ఒక లెక్క చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. అందులో ఆడవాళ్ళు 23,772 మంది. అంటే నూరు మందిలో నలుగురు. మొత్తం ఖైదీల్లో నూటికి డెబ్బై అయిదు మందికి పైగా ఇంకా విచారణలో ఉన్నవాళ్ళే. వాళ్ళు నేరం చేశారని ఏ కోర్టూ తేల్చలేదు. 1,537 మంది తల్లులతో పాటు 1,764 మంది పిల్లలు కూడా జైళ్ళలోనే ఉన్నారు.

నూటికి నలుగురే కాబట్టి వాళ్ళ అవసరాలు ఎవరి దృష్టికీ రావు. జైళ్ళను మగవాళ్ళను దృష్టిలో పెట్టుకొని కట్టారు, నిబంధనలు కూడా వాళ్ళ కోసమే రాశారు. మన వరంగల్ సంగతే చూడండి. నిజాం కాలం నుంచి ఉన్న సెంట్రల్ జైలును 2021లో ఖాళీ చేశారు. ఆ స్థలంలో పెద్ద ఆసుపత్రి తలపెట్టారు. ఆసుపత్రి మనకు కావలసిందే, కాదనను. కానీ ఖైదీలు వేరే జైళ్ళకు పోయారు. రాష్ట్రంలో మహిళల ప్రత్యేక కారాగారం హైదరాబాద్ చంచల్‌గూడలో ఉంది. ఏటూరునాగారం పక్క గూడెంలో ఉన్న ముసలి తల్లి తన బిడ్డను చూడాలంటే ముందు వరంగల్ రావాలి, అక్కడి నుంచి ఇంకో 145 కిలోమీటర్లు పోవాలి. రెండు రోజుల కూలి పోతుంది, బస్సు కిరాయి మీద పడుతుంది. అంతా చేసి అద్దం అవతల నుంచో జాలీ అవతల నుంచో కొద్దిసేపు మాట. 2010 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి మహిళా ఖైదీల కోసం 70 నియమాలు ఆమోదించింది. వాటిని బ్యాంకాక్ నియమాలు అంటారు. సాధ్యమైనంతవరకు ఆడవాళ్ళను ఇంటికి దగ్గరి జైలులో ఉంచాలని అందులో ఒక నియమం ఉంది. పిల్లల బాధ్యత ఆమె మీద ఉంటుందన్నది దానికి కారణం. బహిష్టు సమయానికి కావలసిన బట్టలు ఉచితంగా ఇవ్వాలని, కాన్పు నొప్పుల సమయంలో సంకెళ్ళు వేయకూడదని కూడా అందులో ఉంది. ఇంత చిన్న సంగతులు రాసి పెట్టవలసి వచ్చిందంటే, అవి జరగడం లేదనే కదా అర్థం.

మన ఆడవాళ్ళు ఏ కేసుల్లో పోతున్నారు? మీకు తెలియనివి కావు. గుడుంబా కేసులు ఉన్నాయి. భూమి తగాదాలు, ఇంటి తగాదాలు ఉన్నాయి. పోడు కేసులు ఉన్నాయి. 2022 జూన్‌లో మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం కోయపోచగూడెంలో పోడు గొడవలో 12 మంది ఆదివాసీ ఆడవాళ్ళను అరెస్టు చేసి రిమాండుకు పంపారు. గుర్తుంది కదా? ఇప్పుడు కొత్తగా గంజాయి వచ్చింది. "ఈ సంచి ఫలానా చోట ఇచ్చి రా, రెండు వేలు ఇస్తా" అంటారు. సంచి సొంతదారు ఎక్కడో ఉంటాడు, పట్టుబడేది మోసినవాళ్ళే. గంజాయి 20 కిలోలు దాటితే కనీస శిక్షే పదేళ్ళు, బెయిలు దొరకడం కూడా చాలా కష్టం. మీ అమ్మకో పిన్నికో మేనత్తకో ఇట్లా ఎవరైనా సంచి ఇస్తున్నారని తెలిస్తే, ఆ రోజే ఆపండి. నా ప్రసంగంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

"మేడం, తప్పు చేసినవాళ్ళను వెనకేసుకొస్తున్నారా?" అని మీలో కొందరు అనుకుంటుండవచ్చు. లేదు. తప్పు చేస్తే శిక్ష పడాలి. దెబ్బ తిన్నవాళ్ళు కూడా మన మనుషులే, వాళ్ళకు న్యాయం కావాలి. అయితే ఆ శిక్షను కోర్టు వేయాలి. ఇన్నేళ్ళు బయట తిరగవద్దు అన్నదే ఆ శిక్ష. పిల్లల ముఖం చూడవద్దు, జ్వరానికి మందు అడగవద్దు, ఊళ్ళోకి మళ్ళీ రావద్దు అని ఏ జడ్జీ తీర్పులో రాయడు. ఆ పైశిక్షలు వేసేది మనమే. పైగా తీర్పు రాకముందే వేస్తాం. దంతెవాడలో సోనీ సోరి అనే ఆదివాసీ టీచరు ఉంది. ఆశ్రమ పాఠశాలలో పనిచేసేది. ఆ మాటకొస్తే నా లాంటి ఉద్యోగమే. 2011 అక్టోబర్‌లో అరెస్టయింది. ఆమె మీద పెట్టిన కేసుల్లో చివరిది 2022 మార్చిలో కొట్టేశారు, నిర్దోషి అన్నారు. మధ్యలో పోయిన పదేళ్ళు ఎవరు తిరిగి ఇస్తారు?

పేరు పెట్టి వెలివేస్తే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికీ తెలియదు. 1871లో ఇంగ్లీషువాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. కొన్ని జాతులు పుట్టుకతోనే నేరస్థులన్నారు. కొన్ని ప్రాంతాల్లో మన ఎరుకలవాళ్ళను, లంబాడీలను కూడా ఆ జాబితాలో కలిపారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ కాలంలో పెట్టిన సెటిల్‌మెంటే. మగవాళ్ళకే కాదు, కుటుంబాలకు కుటుంబాలకే హాజరు వేసేవాళ్ళు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా ఆ రాతలు జైలు మాన్యువళ్ళలో మిగిలాయి. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచడం చెల్లదని, రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని, విముక్త జాతులవాళ్ళను పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూడకూడదని చెప్పింది. ఈ తీర్పు కోసం 72 ఏళ్ళు ఎదురుచూసినవాళ్ళం మనం. అలాంటి మనమే మన ఇంటి ఆడమనిషి ఒకసారి జైలుకు పోతే "జైలుకు పోయొచ్చింది" అని జీవితాంతం పేరు పెడుతున్నాం.

ఇప్పుడు పనికొచ్చే సంగతులు చెబుతాను. ఫోన్లు పక్కన పెట్టి వినండి, లేదా ఫోన్లలోనే రాసుకోండి.

మొదటిది అరెస్టు. పొద్దుగూకిన తర్వాత, తెల్లవారేలోపు ఆడమనిషిని అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. సోదా చేసినా, చేయి పట్టుకున్నా అది మహిళా పోలీసే చేయాలి. అరెస్టు సంగతి ఇంటివాళ్ళకు చెప్పాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇవన్నీ పాత చట్టంలో ఉన్నాయి, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో కూడా ఉన్నాయి. ఇంకో సంగతి. మన ఆడవాళ్ళలో కోయ మాట తప్ప వేరేది సరిగా రానివాళ్ళు ఉన్నారు. కోర్టులో ఏం జరుగుతున్నదో ఆమెకు అర్థమయ్యే మాటలో చెప్పించుకునే హక్కు ఉంది. అర్థంకాని కాగితం మీద వేలిముద్ర వేయకూడదు.

రెండోది వకీలు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకు, షెడ్యూల్డ్ తెగలవాళ్ళకు, జైలులో ఉన్నవాళ్ళకు వకీలును ఉచితంగా ఇవ్వాలి. ఆదాయం ఎంత అని అడగరు. జైలులో ఉన్న గిరిజన స్త్రీకి ఆ మూడు అర్హతలూ ఉన్నాయి. అయినా మన వాళ్ళు ఎద్దులు అమ్మి, పుస్తె కుదవపెట్టి వకీలుకు కడుతున్నారు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. మన దగ్గరైతే హన్మకొండ అదాలత్ దగ్గరి కోర్టుల్లో అడగండి. ఫోన్ నంబరు 15100. ఎక్కడి నుంచైనా చేయవచ్చు.

మూడోది జమానతు. మన వాళ్ళు ఎక్కువగా చిక్కుకుపోయేది ఇక్కడే. కోర్టు బెయిలు ఇస్తుంది, ఇద్దరు జమానతుదార్లు కావాలంటుంది. జమానతుకు ఆస్తి చూపించాలి. మన దగ్గర ఉండేది పోడు పట్టా. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ భూమి మన పిల్లలకు వస్తుంది, కానీ అమ్మడానికి, ఇతరులకు మార్చడానికి వీల్లేదు. మన భూమిని కాపాడటానికే ఆ నిబంధన పెట్టారు. కానీ అమ్మకూడని భూమి కాబట్టి జమానతుకు దాన్ని ఒప్పుకోకపోవచ్చు. మూడెకరాలు దున్నుతున్న మనిషి కూడా కోర్టు ముందు ఆస్తిలేనివాడే అవుతాడు. మా హాస్టల్ పిల్ల తల్లి నెలల తరబడి లోపల ఉన్నది ఇందుకే.

దీనికి దారి ఉంది. 2022 నవంబర్ 26న రాజ్యాంగ దినోత్సవం నాడు రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు సుప్రీంకోర్టు వారి సభలో మాట్లాడుతూ, చిన్న చిన్న కేసుల్లో ఏళ్ళ తరబడి జైళ్ళలో ఉన్న పేదల గురించి న్యాయమూర్తుల ముందే అడిగారు. ఒక సంతాలీ ఆడబిడ్డ ఆ మాట అంత పెద్ద సభలో అడగడం మనం గుర్తుపెట్టుకోవలసిన విషయం. ఆ తర్వాత 2023 జనవరి 31న సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలు ఇచ్చింది. బెయిలు వచ్చిన నెల రోజుల్లో జమానతు కట్టలేకపోతే, షరతులు మార్చాలేమో కోర్టే చూడవచ్చని చెప్పింది. అంటే ఇద్దరు జమానతుదార్లకు బదులు ఆమె సొంత పూచీకత్తు మీద వదలమని అడగవచ్చు. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం పేద ఖైదీలకు సాయం చేసే పథకం తెచ్చింది. 2023లో ఆ పథకం తెచ్చినప్పుడు విచారణలో ఉన్నవాళ్ళకు బెయిలు కోసం రూ.40,000 వరకు, శిక్ష పూర్తయినా జరిమానా కట్టలేక ఉండిపోయినవాళ్ళకు రూ.25,000 వరకు ఇస్తామన్నారు. గంజాయి వంటి కేసులకు ఇది వర్తించదు. ఇంకొకటి, కొత్త చట్టం 479వ సెక్షన్. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్ళు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపేస్తే, కోర్టు వాళ్ళను బాండు మీద విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలకు ఇది లేదు. ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తున్నా లేదు. గుడుంబా కేసులు ఒకదాని మీద ఒకటి పడ్డవాళ్ళు ఈ మాట జాగ్రత్తగా వినాలి.

నాలుగోది పిల్లలు. ఈ విషయంలో దేశం మొత్తానికి దారి చూపిన తీర్పు ఒకటి ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, 2006 ఏప్రిల్ 13. తల్లితో జైలులో ఉన్న బిడ్డ ఖైదీ కాదని సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డకు తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆట అన్నీ హక్కుగా ఇవ్వాలి. కాన్పు వీలైనంతవరకు బయటి ఆసుపత్రిలో జరగాలి. ఒకవేళ లోపలే పుడితే జనన పత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదు. పేరు పెట్టే పండుగ చేసుకోనివ్వాలి. ఆరేళ్ళు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. ఆ తర్వాత తల్లి కోరిన మనిషికి అప్పగించాలి, లేదా సంక్షేమ సంస్థకు పంపాలి. తల్లిని వారానికి ఒకసారైనా చూడనివ్వాలి.

ఈ తీర్పు చదివినప్పుడు నాకు మా హాస్టల్ గుర్తొచ్చింది. ఆరేళ్ళు దాటిన బిడ్డ ఎక్కడికి వస్తుంది? ఎక్కువగా మా లాంటి హాస్టళ్ళకే. ఆ బిడ్డను తల్లి దగ్గరికి తీసుకుపోయేది ఎవరు? తీర్పులో హక్కు ఉంది, కానీ ఆ బిడ్డ చేయి పట్టుకొని బస్సు ఎక్కించే మనిషి లేడు. అప్పటికీ ఇప్పటికీ మన దగ్గర లేనిది ఆ మనిషే.

మగవాడు జైలుకు పోతే చూడండి. భార్య సద్ది కట్టుకొని ములాఖత్‌కు పోతుంది. తల్లి పోతుంది. వకీలు చుట్టూ, పెద్దమనుషుల చుట్టూ వాళ్ళే తిరుగుతారు. అదే ఆడమనిషి పోతే? ఆమె కోసం తిరిగేది ఆమెనే, ఇప్పుడు ఆమె లోపల ఉంది. కొన్ని ఇళ్ళలో ఏడాది తిరగకముందే భర్త ఇంకో పెళ్ళి చేసుకుంటాడు. సంఘంలో పొదుపు ఖాతా ఆగిపోతుంది. ఉపాధి కార్డులో పేరు ఉండదు. తిరిగి వస్తే పెద్దమనుషులు కూర్చొని జుర్మానా వేస్తారు. కోర్టు వేసిన శిక్ష అనుభవించి వచ్చిన మనిషికి మళ్ళీ పంచాయితీలో శిక్ష ఏమిటి? వేదిక మీద ఉన్న పెద్దలు నన్ను క్షమించాలి, కానీ ఈ ఆచారం ఆపవలసింది మీరే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు చేయగలిగినవి పెద్ద పనులేమీ కాదు. ఊరికి ఇద్దరు చాలు. మీ ఊరి ఆడమనిషి మీద కేసు అయితే, ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, కోర్టు పేరు, ఏ జైలు అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టండి. చాలాసార్లు ఇంటివాళ్ళకు ఆ నాలుగు ముక్కలే తెలియవు, ఆఫీసులో అవే అడుగుతారు. 15100కు ఫోన్ చేయండి. ఈ-ములాఖత్‌లో పేరు నమోదు చేయడం మీకు రెండు నిమిషాల పని, ఆమె ముసలి తల్లికి అది చేతకాదు. ఆధార్, రేషన్ కార్డు వంటి కాగితాలు ఎవరూ పారేయకుండా చూడండి. పిల్లలు బడి మానకుండా చూడండి, వాళ్ళతో నిజం చెప్పండి. లా చదువుతున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు. మీరు న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా పేరు ఇవ్వండి. కోయ, గోండి, లంబాడీ మాటలు వచ్చిన వాలంటీరు విలువ ఎంతో అక్కడికి పోతే మీకు తెలుస్తుంది.

మా హాస్టల్ పిల్ల తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. చివరికి ఒక పరిచయస్తురాలు చెబితే నేను న్యాయసేవా ఆఫీసుకు పోయాను. వాళ్ళు ఇచ్చిన వకీలు షరతులు తగ్గించమని దరఖాస్తు వేసింది. మూడు వారాల్లో ఆ తల్లి బయటికి వచ్చింది. అంతకుముందు పోయిన నెలలన్నీ ఎవరూ ఆ ఆఫీసు మెట్లు ఎక్కనందువల్ల పోయినవే. ఎక్కనివాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ తర్వాతి రెండో శనివారం ఆమె వచ్చింది. కానీ గేటు లోపలికి రాలేదు. రోడ్డు అవతల వేపచెట్టు కింద, కొంగు తల మీదికి లాక్కొని నిలబడింది. మిగతా తల్లులు చూస్తారని. నేను పోయి "రా అక్కా, నీ బిడ్డ గదిలోనే ఉంది" అని పిలిచాను. రానన్నది. ఈ లోపల ఆ పిల్ల కిటికీలో నుంచి చూసినట్టుంది, చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికొచ్చింది. తల్లి చేయి పట్టుకొని అందరి ముందు నుంచి లోపలికి తీసుకుపోయింది. నాలుగో తరగతి పిల్ల ఆ పని చేసింది. డిగ్రీలు చదువుతున్న మనం కూడా చేయగలం.

ఈ సభ నుంచి పోయాక మీ ఊళ్ళో ఒక్క ప్రశ్న అడగండి. మన ఆడవాళ్ళు ఎవరైనా లోపల ఉన్నారా, వాళ్ళ ములాఖత్‌కు ఎవరు పోతున్నారు? ఎవరూ పోవడం లేదని చెబితే, ఈ ఆదివారం ఆ ఇంటికి పోయి మొదటి కాగితం రాయండి.